గేటు ముందు కుర్చీలు

మా ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, ఎన్నికల సభయినా మొదట కబురు వెళ్ళేది కుర్చీలక్కకే. ఆమె అసలు పేరు భర్తకు తెలిసే ఉంటుంది. కానీ ఆయన కూడా “ఇదుగో” అని పిలిచేవాడు. బజారు చివర రేకుల షెడ్డు, అందులో ఒకదాంట్లో ఒకటి దూర్చి పేర్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, మడత బల్లలు, గుడారం గుడ్డలు, ఆ గుడ్డల మీద నిద్రపోతున్న భర్త. ఇదీ ఆమె వ్యాపారం. ఆయన్ని సోమరి అనడానికి వీల్లేదు. బరువులన్నీ ఆయనే ఎత్తేవాడు. ఎత్తడానికి ముందూ, ఎత్తిన తరవాతా పడుకునేవాడు, అంతే.

మా ఊరు నదికి రెండు వైపులా ఉంది. ఈ రెండు ఒడ్లూ ఎందుకు యుద్ధం చేసుకున్నాయో చెప్పే పుస్తకాలు రెండు రకాలున్నాయి. ఏ ఒడ్డున కొంటే ఆ రకం దొరుకుతుంది. యుద్ధం మొదలైన వారంలోనే వంతెన మధ్యలో ఇనుప గేటు వచ్చింది. దానికి ఇవతలివాళ్ళు ఒక తాళం వేశారు, అవతలివాళ్ళు ఒక తాళం వేశారు. ఒకరు తీసినా రెండోవాళ్ళు తియ్యకపోతే అది తెరుచుకోదు. ఇన్నేళ్ళలో రెండు ప్రభుత్వాలూ కలిసి కట్టింది ఆ గేటొక్కటే.

ఆ రోజుల్లో కుర్చీలక్కకు పెళ్ళిళ్ళ గిరాకీ పోయి, ఇంకో రకం గిరాకీ వచ్చింది. దాని గురించి ఆమె మాట్లాడేది కాదు. ఆ కుర్చీలకు అద్దె అడిగేదీ కాదు.

ఆమెకు ఒక చెల్లెలుంది. అవతలి ఒడ్డున బేకరీ నడిపే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. యుద్ధం మొదలైన కొత్తలో అక్కాచెల్లెళ్ళు వాళ్ళమ్మ కుట్టుమిషను దగ్గర గొడవపడ్డారు. అమ్మ తనకిచ్చిందని అక్క, తనకిస్తానందని చెల్లెలు. ఇద్దరికీ బట్టలు కుట్టడం రాదు. మాటా మాటా పెరిగి, “నీ గడప తొక్కితే ఒట్టు” అని చెల్లెలు వెళ్ళిపోయింది. మర్నాడు సర్దిచెప్పుకుందామని అక్క అనుకుంది. మర్నాటికి గేటు వచ్చింది.

తరవాత చాలా ఏళ్ళకు, ఎక్కడో దూరదేశంలో, ఎవరికీ చెందని ఒక హోటల్లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో తొమ్మిదో అంశం మా వంతెన. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకే దాకా ప్రజలు రాకపోకలు సాగించవచ్చని రాశారు. ఒప్పందం సరిగ్గా అమలవుతోందో లేదో చూడ్డానికి ఆరునెలలకోసారి విదేశీ పరిశీలకులు వస్తారని కూడా రాశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని మనకు ముందే తెలుసు. ఆ సంగతి ఒప్పందం రాసినవాళ్ళకూ తెలిసినట్టుంది.

మొదటి సమీక్ష ఇవతలి ఒడ్డున, మునిసిపల్ హాల్లో జరిగింది. కుర్చీలు కుర్చీలక్కవి. మన తరఫు అధికారి చంకలో ఎప్పుడూ ఫైళ్ళుండేవి కాబట్టి ఆయన్ని ఫైళ్ళాయన అనేవాళ్ళం. అవతలి అధికారి చలవ కళ్ళద్దాలు ఇంట్లో కూడా తియ్యడని ప్రతీతి. కళ్ళద్దాలాయన లోపలికి వచ్చి, ఫైళ్ళాయన వెనక మెత్తటి దిండు చూసి, నిలబడే ఉండిపోయాడు. దిండు ఎందుకని అడిగితే ఫైళ్ళాయన తనకు నడుం నొప్పి అన్నాడు. వెంటనే కళ్ళద్దాలాయనకీ నడుం నొప్పి వచ్చింది. ఆ రోజు సాయంత్రం దాకా చర్చించింది దిండు గురించే. చివరికి పరిశీలకుల పెద్ద, తల నెరిసిన పొడుగాటి దొరసాని, కుర్చీలక్కను పిలిపించింది.

దుబాసీ అడిగాడు: “అందరికీ ఒకేలాంటి కుర్చీలున్నాయా అని అడుగుతున్నారు.”

“ఉన్నాయి బాబూ. కానీ ఒకేలా ఇరుకుగా ఉంటాయి.”

దుబాసీ ఆ మాట దొరసానికి చెప్పాడు. ఆమె బాగా ఆలోచించి, అదే న్యాయం అంది. అప్పట్నుంచీ ప్రతి సమీక్షకీ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలే. అది లిఖితపూర్వకంగా ఒప్పుకున్న మొదటి అంశమని తరవాత తెలిసింది.

ఇక గేటు సంగతి. పరిశీలకులొచ్చే రోజు తెల్లవారగానే రెండు తాళాలూ తీసేవారు. సిపాయిలు ఉతికిన బట్టలు వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకు నమస్కారాలు కూడా పెట్టేవారు. జనం నదిలా పారేవారు. దొరసాని వంతెన మీద అటూ ఇటూ నడిచి, పిల్లల తల నిమిరి, తొమ్మిదో అంశం ఎదురుగా “అమలవుతోంది” అని రాసుకునేది. సాయంత్రం తెల్లకార్లు కొండ మీది అతిథిగృహానికి వెళ్ళగానే గేటు మూసేవారు. మళ్ళీ ఆరునెలలకు తెరుచుకునేది.

మొదట్లో జనం తిట్టుకున్నారు. తరవాత అలవాటుపడ్డారు. పెళ్ళిచూపులు, పన్ను పీకించుకోవడాలు, పాత బాకీల వసూళ్ళు, అన్నీ సమీక్ష రోజుకే పెట్టుకునేవారు. చిన్నపిల్లలైతే సమీక్ష అంటే సెలవు అనుకునేవారు. దొరసాని ఆ రోజు జనాన్ని చూసి, రాకపోకలు అంచనాకు మించి ఉన్నాయని సంతోషించిందట.

మొదటి సమీక్ష నాడే కుర్చీలక్క వంతెన దాటి చెల్లెలి బేకరీకి వెళ్ళింది. చెల్లెలు రొట్టెలు కోస్తూ తలెత్తి, “మిషను తెచ్చావా?” అంది. ఇన్నేళ్ళ తరవాత మొదటి మాట అదే. అక్క కూడా తక్కువ తినలేదు. “అది నాది. తేవడానికేముంది?” అంది. సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. మధ్యలో మరిది రెండుసార్లు టీ తెచ్చి పెట్టి, వాళ్ళ జోలికి పోకుండా పోయి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. గేటు మూసే వేళ కుర్చీలక్క పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. “ఎలా ఉంది మరదలు?” అని భర్త అడిగితే, “అదే నోరు, అలాగే ఉంది” అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయిందని ఆయన మాతో అన్నాడు.

ఆ తరవాత ఆరునెలలకోసారి మిగిలిన వాదన కొనసాగేది. మరిది మంచివాడు. వచ్చేటప్పుడల్లా వదినగారికి ఒక పెద్ద రొట్టె పొట్లం కట్టి ఇచ్చేవాడు. వదినగారు ఆయనకో లుంగీయో, తువ్వాలో పట్టుకెళ్ళేది.

ఒకసారి ఆమె తువ్వాలు తీసుకుని వెళ్ళింది. దుకాణం మెట్లెక్కుతూనే, “మరిదిగారూ, ఈసారి నీలం రంగు తెచ్చాను!” అని కేకేసింది. లోపల్నుంచి పలుకు లేదు. చెల్లెలు బయటకు వచ్చింది. మొహం చూడగానే అక్కకు అర్థమైపోయింది.

“ఎప్పుడే?”

“మొన్న చలికాలంలో. గుండె పట్టేసింది. పొయ్యి దగ్గరే కూలబడిపోయాడు.”

“నాకెందుకు చెప్పలేదే!”

“ఎలా చెప్పను? గేటు దగ్గరకెళ్ళి అరిచాను. సిపాయి, సమీక్ష ఎప్పుడో కనుక్కుని రమ్మన్నాడు.”

అవతలి ఒడ్డున తన మరిది పోయి నాలుగు నెలలైతే, ఇవతల తాను ఆయన కోసం తువ్వాలు రంగు ఎంచుతూ కూర్చుంది. ఆ సంగతే కుర్చీలక్కను ఎక్కువగా కోసింది. ఆ రోజు ఇద్దరూ పోట్లాడలేదు. మిషను నువ్వే ఉంచుకోమని చెల్లెలంది, వద్దు నువ్వే తీసుకోమని అక్కంది. అది కూడా వాదనే కానీ, వినడానికి వేరుగా ఉంది. ఆ మిషను ఎవరి దగ్గరుందో ఆ తరవాత ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తరవాతి సమీక్ష అవతలి ఒడ్డున, వంతెన పక్కనున్న బడిలో పెట్టారు. కుర్చీలక్క, భర్త పొద్దున్నే ట్రాలీ మీద కుర్చీలు తోలుకెళ్ళి వరసలు వేస్తున్నారు. దుబాసీ ముందుగా వచ్చి ఒక కుర్చీలో కూలబడ్డాడు. ఇద్దరి తిట్లూ తన నోటితోనే తిట్టాల్సి రావడంతో ఆయన గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉండేది.

“ఇదే ఆఖరక్కా. ఇక మనకు సెలవు” అన్నాడు.

“ఆఖరంటే?”

“అన్ని అంశాలూ అమలైపోయాయని రాసేస్తున్నారు. ఒప్పందం విజయవంతం. ఇక పరిశీలకులు రారు.”

“మరి గేటు?”

దుబాసీ గొంతు మాత్ర ఒకటి నోట్లో వేసుకుని కిటికీలోంచి చూశాడు. గేటు బార్లా తెరిచి ఉంది. “తెరిచే ఉందిగా” అన్నాడు. అని, ఆమె వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

కార్యక్రమంలో చివర “ప్రజల మాట” అని ఒకటుండేది. ప్రతిసారీ ఒక రిటైరైన మాస్టారు లేచి అందరికీ ధన్యవాదాలు చెప్పేవాడు. ఈసారి ఆయన లేచేలోపు వెనక గోడ దగ్గర నిలబడ్డ కుర్చీలక్క చెయ్యెత్తింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“అమ్మగారూ, ఈ గేటు మీరొచ్చిన రోజే తెరుస్తారండీ. మీరటు వెళ్ళగానే మూసేస్తారు. మా మరిది పోతే నాకు నాలుగు నెలలకు తెలిసింది.”

దుబాసీ మామూలుగా మాటల్ని కాస్త నునుపు చేసి చెప్పేవాడు. ఆ రోజు ఏమీ కలపకుండా, తియ్యకుండా చెప్పాడట. ఫైళ్ళాయన లేచి అది అబద్ధమన్నాడు. కళ్ళద్దాలాయన లేచి అది పచ్చి అబద్ధమన్నాడు. ఇద్దరూ ఒకే మాట మీద ఉండడం పరిశీలకులు చూడడం అదే మొదటిసారి. ఒక కుర్ర పరిశీలకుడు సంతోషంగా అది రాసుకున్నాడు. దొరసాని కుర్చీలక్కను చాలాసేపు చూసింది. కిటికీలోంచి తెరిచి ఉన్న గేటును, దానిలోంచి పారుతున్న జనాన్ని చూసింది. ఫిర్యాదు నమోదు చేస్తామంది. సభ ముగిసింది.

కుర్చీలు ఎత్తాలి. కుర్చీలక్క భర్త దగ్గరకెళ్ళి, “ఇదుగో, నెమ్మదిగా కానివ్వండి” అంది.

ఆయన ఆశ్చర్యపోయాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె నోట ఆ మాట వినలేదు. “నాకది ప్రత్యేకంగా చెప్పాలా?” అని, మొదటి వరస దగ్గరే ఒక కుర్చీలో కూర్చున్నాడు. ఆయన లేచేసరికి తెల్లకార్లు వంతెన దాటి కొండెక్కాయి. గేటు మూసుకుంది. మొగుడూ పెళ్ళాలు, కుర్చీలు, అవతలి ఒడ్డునే మిగిలిపోయారు.

“ఇప్పుడేం చేద్దామే?”

“మా చెల్లెలింట్లో పడుకుందాం.”

“బాగానే ఉంది” అన్నాడు ఆయన. ఆ పథకంలో ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్న భాగం అదే.

మర్నాడు పొద్దున్నే అక్కాచెల్లెళ్ళిద్దరూ ట్రాలీ తోసుకుంటూ వంతెన మీదకు వచ్చారు. భర్త ఒక్కొక్క కట్ట దించాడు. గేటుకు ఎదురుగా, రోడ్డు నిండా, సభకు వేసినట్టే వరసలు వేశారు. అవతలి సిపాయి పరుగున వచ్చాడు.

“ఏంటమ్మా ఇది?”

“కుర్చీలు సార్.”

“అది కనబడుతోంది. వంతెన మీద ఎందుకు వేస్తున్నావ్? తియ్, తియ్.”

“గేటు తెరిచే దాకా కూర్చుందామని.”

“గేటు మూసుంటే ఇక్కడికి రాకూడదు!”

“మూసుందా సార్?” అంది కుర్చీలక్క. “నిన్న సభలో మీ పెద్దాయన రోజూ తెరిచే ఉంటుందన్నారే. నేను అబద్ధమాడానన్నారు.”

సిపాయి గేటును చూశాడు. తాళాన్ని చూశాడు. మూసి ఉందంటే పెద్దాయన మాట కాదన్నట్టు. తెరిచి ఉందంటే ఆమెను ఆపడానికి వీల్లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు తిరిగి, ఫోను చెయ్యడానికి వెళ్ళాడు. అవతల ఫోను ఎత్తినవాళ్ళు కూడా పైవాళ్ళకు ఫోను చెయ్యడానికి వెళ్ళారు.

ఈలోగా వెనకబడిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి సమీక్షకీ వేళకు గేటు దాటలేక కొందరు చిక్కుకుపోతుంటారు. పన్ను పీకించుకున్న ముసలాయన దవడ పట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. పెళ్ళిచూపులకు వెళ్ళిన వాళ్ళు కుటుంబంతో సహా వచ్చారు. పిల్ల నచ్చిందా అని అడిగితే, ఇంత తీరిగ్గా చూశాక నచ్చక చస్తుందా అన్నారు. తరవాత ఏ పనీ లేనివాళ్ళు కూడా వచ్చారు. కుర్చీ కనబడితే కూర్చోవాలనిపించడం మనిషి సహజం. ఇవతలి ఒడ్డున కబురు తెలిసి మేము కూడా వెళ్ళాం. మాకు కుర్చీలు లేవు, కుర్చీలక్క అన్నీ అటే పట్టుకుపోయింది. ఇళ్ళలోంచి స్టూళ్ళు, పీటలు తెచ్చుకుని గేటుకు ఇవతల కూర్చున్నాం. ఎవరూ నినాదాలివ్వలేదు. ఏమనాలో ఎవరూ చెప్పలేదు మరి.

అతిథిగృహం నుంచి విమానాశ్రయానికి వెళ్ళే రోడ్డు కొండ దిగి నది పక్కనే పోతుంది. తెల్లకార్లు అలా దిగుతూ, వంతెన కనబడే మలుపు దగ్గర ఆగిపోయాయి. అక్కణ్ణుంచి చూస్తే వంతెన మీద ఎర్ర వరసలు, మధ్యలో గీత గీసినట్టు మూసిన గేటు. దాచడానికి చెట్టూ లేదు, చేమా లేదు.

దొరసాని కారు దిగి నడిచి వచ్చింది. వెనకాలే దుబాసీ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఫైళ్ళాయన. గేటుకు అటువైపు కళ్ళద్దాలాయన కూడా వచ్చాడు. ఆ రోజు కళ్ళద్దాలు మరిచిపోయాడు. కళ్ళు మామూలుగానే ఉన్నాయి.

దొరసాని తాళం పట్టుకుని ఊపింది. “ఇదెందుకు మూశారు?” అని దుబాసీ అడిగాడు.

“మరమ్మతులు” అన్నాడు ఫైళ్ళాయన.

“భద్రతా కారణాలు” అన్నాడు కళ్ళద్దాలాయన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంటనే ఫైళ్ళాయన, “అంటే భద్రత కూడా” అన్నాడు. అదే క్షణంలో కళ్ళద్దాలాయన, “అసలు మరమ్మతులే” అన్నాడు.

దొరసాని ఒక కుర్చీ అడిగింది. కుర్చీలక్క భర్త ఒకటి ఎత్తి గేటు మీదుగా అందించాడు. దొరసాని దాన్ని గేటు పక్కన వేసుకుని కూర్చుంది. విమానం వేళవుతోందని ఎవరో గుర్తుచేశారు. తెలుసంది. ఎండ పెరిగింది. చెల్లెలు బేకరీ నుంచి రొట్టెలు తెప్పించి ఊచల సందుల్లోంచి ఇవతలివాళ్ళకు కూడా అందించింది. విమానం మా తలల మీదుగానే వెళ్ళింది. దొరసాని తలెత్తి దాన్ని చూసి, మళ్ళీ గేటు వైపు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నానికి రెండు రాజధానుల నుంచీ ఫోన్లు వచ్చాయి. ఎవరు ముందు తియ్యాలన్న దాని మీద కాసేపు చర్చ నడిచి, ఒకేసారి తియ్యాలని తేలింది. రెండు తాళాలూ తీశారు. గేటు తెరుచుకున్నప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడితే మళ్ళీ మూస్తారేమోనని భయం.

నివేదికలో తొమ్మిదో అంశం ఎదురుగా “అమలైంది” కొట్టేసి, “నిత్య పరిశీలన అవసరం” అని రాశారు. ఒక పరిశీలకుణ్ణి వంతెన మీదే ఉంచారు. ఆ లావుపాటి మనిషి ఎర్ర కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటే, గేటు తెరిచి ఉండేది. రెండేళ్ళకు ఆయన్ని ఇంకో యుద్ధానికి మార్చారు. అప్పటికి గేటు తలుపులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మూయాలంటే ఇద్దరూ కలిసి మరమ్మతు చేయించాలి. ఖర్చు ఎవరిదన్న చర్చ ఇంకా నడుస్తోంది.

కుర్చీలక్కకు మాత్రం ఊరకే పోలేదు. మూసి ఉన్న దారికి అడ్డం పెట్టిందని రెండు ఒడ్ల పోలీసులూ కేసు పెట్టారు. ప్రభుత్వ సభలకు ఆమె కుర్చీలు తీసుకోవద్దని ఫైళ్ళాయన హుకుం జారీ చేశాడు. ఆ ఏడాది షెడ్డు అద్దె కట్టలేక సగం గుడారం గుడ్డలు అమ్ముకుంది. భర్తకు పడుకునే చోటు ఇరుకైంది. ఒక పత్రిక విలేఖరి వచ్చి, శాంతి కోసం అంత ధైర్యం ఎలా చేశారని అడిగాడు.

“శాంతీ లేదు గీంతీ లేదు బాబూ” అంది. “మా చెల్లెలికి జ్వరమొస్తే ఆ రోజే తెలియాలి. అంతే.”

విలేఖరి అది రాసుకోలేదు. ప్రజలు శాంతిని కోరుతున్నారని రాశాడు.

మొన్నీమధ్య నేను గుడారం మాట్లాడుకోవడానికి షెడ్డుకెళ్ళాను. భర్త మిగిలిన గుడ్డల మీదే నిద్రపోతున్నాడు. వాకిట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో కుర్చీలో కూర్చుని రోడ్డు మీద పోయేవాళ్ళను చూస్తున్నారు. వెనకటి సమీక్ష రోజుల్లో వాళ్ళను చూసినవాణ్ణి నేను. ఆరునెలల మాటలు ఒక పూటలో కుక్కాలి కాబట్టి, ఒకరు చెప్పేది ఒకరు వినకుండా ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవారు. ఇప్పుడు చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. నేను గుడారం ఖరారు చేసుకునేసరికి చెల్లెలు లేచి చెప్పులు వేసుకుంది.

“వెళ్తానక్కా.”

“ఇంతకీ ఎందుకొచ్చావే?”

“ఊరికే.”

“సరే పో” అని, కుర్చీలక్క నా వైపు తిరిగి, గుడారం ఎండకా వానకా అని అడిగింది.